పురుగుల్ని తినే మొక్కని గింజ నుంచే పెంచాలి

ఈ మధ్య తిరుపతి నర్సరీల్లో కూడా వీనస్ ఫ్లైట్రాప్ అనే పురుగుల్ని తినే మొక్క కనిపిస్తోంది. చిన్న ప్లాస్టిక్ కప్పులో, పైన మూతతో, నోళ్ళలాంటి ఆకులు నాలుగైదు తెరుచుకుని ఉంటుంది. పిల్లలు అడుగుతారు, నాన్నలు కొంటారు. ఇంటికి తెచ్చిన రోజు ఇంట్లోవాళ్ళందరూ తలా ఒక నోట్లో వేలు పెట్టి అది మూసుకోవడం చూస్తారు. వారం రోజులు ఆ సంబరం. తర్వాత మామూలు కుళాయి నీళ్ళు పోస్తారు, ఎండకి మాడిపోతుందని వరండాలో నీడకి పెడతారు. ఉగాది దాటేలోపు అది నల్లబడిపోతుంది. మళ్ళీ ఏడు ఇంకోటి కొంటారు.

ఈ పద్ధతి మారాలని నా కోరిక. పురుగుల్ని తినే మొక్కల్ని, అందులోనూ అరుదైనవాటిని, ఇంట్లో పెట్టుకోవాలని ఆశపడేవాళ్ళు గింజతో మొదలుపెట్టాలి. ఆ గింజ మొలిచి, మొక్కై, పూసి, మళ్ళీ గింజ కట్టేదాకా దాని వెంట ఉండాలి. అంత ఓపిక పట్టలేమనుకుంటే పెంచుకోవడానికి మందారం ఉంది, మల్లె ఉంది, కనకాంబరం ఉంది. స్నేహితులు ఈ మాట మరీ కఠినంగా ఉందంటారు. నేను బాగా ఆలోచించే అంటున్నాను.

ఫ్లైట్రాప్ సంగతే తీసుకుందాం. ప్రపంచం మొత్తం మీద ఇది సహజంగా పెరిగే చోటు ఒక్కటే. అమెరికాలో నార్త్ కరోలినా, సౌత్ కరోలినా రాష్ట్రాల తీర మైదానంలో, విల్మింగ్టన్ అనే ఊరి చుట్టుపక్కల ఉన్న తడి ఇసుక నేలలు. అంతే, ఇంకెక్కడా లేదు. అక్కడ రాత్రిపూట అడవిలో దూరి వీటిని సంచుల్లో తవ్వుకుపోయేవాళ్ళు ఎక్కువైతే, 2014 డిసెంబర్ నుంచి నార్త్ కరోలినాలోని కొన్ని కౌంటీల్లో, అంటే జిల్లాల్లాంటి చోట్ల, దాన్ని జైలు శిక్ష పడే పెద్ద నేరంగా మార్చారు. ఈ కథ మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. శేషాచలం కొండల కింద పుట్టి పెరిగినవాళ్ళం. ఎక్కడో ఒక దేశంలో ఎవరికో ముచ్చట పుడితే ఇక్కడ మన ఎర్రచందనం ఎలా నరికేస్తారో, దాని వెంట ఎన్ని కేసులు, ఎన్ని ప్రాణాలు పోయాయో చూస్తూనే ఉన్నాం. మన కొండ మీది చెట్టుకి జరిగితే కడుపు మండుతుంది. అదే బాధ విల్మింగ్టన్ వాళ్ళకీ ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

కప్పుల్లో అమ్మేవన్నీ అడవిలో తవ్వినవే అని నేను అనడం లేదు. మన దేశానికి వచ్చేవాటిలో చాలావరకు టిష్యూ కల్చర్ ల్యాబుల్లో తయారైనవి. ఒక మంచి మొక్క నుంచి చిన్న ముక్క తీసి, సీసాలో జెల్లీ మీద పెట్టి, వేలకొద్దీ పిల్లలు చేస్తారు. దీనివల్ల అడవి మీద భారం తగ్గిన మాట నిజం. ధర తగ్గింది, దొంగ మొక్కకి గిరాకీ తగ్గింది. ఆ ల్యాబుల మీద నాకు గౌరవమే.

కానీ ఆ వేల మొక్కలూ నిజానికి ఒకే మొక్క. అన్నిటి బలమూ ఒకటే, అన్నిటి జబ్బూ ఒకటే. ఒకటి మే నెల ఎండకి తట్టుకోలేకపోతే మిగిలినవీ తట్టుకోలేవు. గింజ అలా కాదు. ఒకే కాయలోంచి వచ్చిన పది మొలకల్లో రెండు చురుగ్గా లేస్తాయి, ఐదు నిదానంగా వస్తాయి, మూడు మాడిపోతాయి. తిరుపతి లాంటి ఊళ్ళో, నలభై డిగ్రీలు దాటడం మామూలైన చోట, ఆ తేడాయే మనకి కావలసింది. ఎక్కడో చల్లటి గ్రీన్‌హౌస్‌లో పెరిగి వచ్చిన పెద్ద మొక్క ఈ ఎండకి అలవాటు పడేలోపే సగం చచ్చిపోతుంది. ఇక్కడే, ఈ గాలిలోనే, మొదటి ఆకు విప్పిన మొలకకి వేరే వాతావరణం తెలియదు. బతికినవాటి గింజలు దాచి మళ్ళీ చల్లితే, కొన్ని తరాలకి మన మేడకి సరిపడే మొక్కలు మిగులుతాయి. రైతులు వరికీ, వేరుశెనక్కీ ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది.

గింజకి ఇంకో పెద్ద కారణం ఉంది. నెపెంథిస్ అని కూజా మొక్క, ఏడో తరగతి సైన్సు పుస్తకంలో బొమ్మ చూసే ఉంటారు. ఆకు చివర తీగ సాగి, దాని కొసన మూత ఉన్న కూజా వేలాడుతుంది. మన దేశంలో సహజంగా పెరిగేది ఒక్కటే జాతి, నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయ కొండల్లో. ఈ మొక్కల్లో ఆడ వేరు, మగ వేరు. మగ మొక్క పుప్పొడి ఆడ మొక్క పూతకి అందితేనే గింజ. ఒకే మొక్క నుంచి కొమ్మలు కత్తిరించి ఊరంతా పంచితే ఊరంతా మగ మొక్కలే ఉండొచ్చు, లేదా అన్నీ ఆడవే ఉండొచ్చు. ఎంత పచ్చగా ఉన్నా, ఎన్ని కూజాలు వేసినా, వాటికి పిల్లలు పుట్టవు. గింజల నుంచి పెంచిన పది మొక్కల్లో ఆడా మగా రెండూ ఉండే అవకాశం ఉంటుంది. జాతిని నిలబెట్టడం మొదలయ్యేది అక్కడే.

మన తిరుమల కొండల్లో సైకస్ బెడ్డోమి అని ఒక మొక్క ఉంది. చూడ్డానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది గానీ డైనోసార్ల కాలం నాటి వంశం. ఈ కొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. అందులోనూ ఆడ వేరు, మగ వేరు. దాని మగ కంకుల్ని మందు కోసమని కోసుకుపోయేవాళ్ళ వల్ల అది ఇంకా కరువైంది. మగ కంకి పోయాక ఆడ చెట్టు ఎన్నాళ్ళు నిలబడితే మాత్రం ఏం లాభం? వన్యప్రాణి రక్షణ చట్టంలో ప్రత్యేకంగా కాపాడాల్సిన మొక్కల జాబితా ఒకటి పెట్టినప్పుడు, అందులో ఉన్నవి ఆరే ఆరు పేర్లు. మొదటిది మన సైకస్ బెడ్డోమి. ఐదోది మేఘాలయ కూజా మొక్క. ఎక్కడి తిరుమల, ఎక్కడి ఖాసీ కొండలు! ఆ జాబితా చదివిన రోజు నుంచి ఈ రెండూ నా మనసులో అక్కాచెల్లెళ్ళు. చట్టం ప్రకారం ఆ మొక్కల్ని అడవి నుంచి తేవడమే కాదు, లైసెన్సు లేకుండా పెంచడం కూడా తప్పే. కాబట్టి ఖాసియానాని నేను పెంచను, పెంచమని చెప్పను. దానికి బొటానికల్ గార్డెన్లు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. మన లాంటివాళ్ళకి వేరే దారి ఉంది, అదీ మన ఇంటి పక్కనే.

చాలామందికి తెలియని విషయం, పురుగుల్ని తినే మొక్కలు మన దగ్గరే ఉన్నాయి. డ్రోసెరా బర్మాని, డ్రోసెరా ఇండికా అనే రెండు జాతులు ఆంధ్ర దేశమంతటా తడి ఇసుక నేలల్లో, బండల మీద నీళ్ళు ఊరే చోట్ల, శేషాచలం చుట్టుపక్కల కూడా, వానల తర్వాత మొలుస్తాయి. చెరువుల్లో, వరి మళ్ళలో పసుపు, ఊదా రంగు చిన్న పూలతో కనిపించే యుట్రిక్యులేరియా కూడా ఈ కోవదే. దాని నీటి తిత్తి పురుగుని లోపలికి పీల్చుకోవడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. డ్రోసెరా బర్మాని నేలకి అతుక్కుని రూపాయి బిళ్ళంత చక్రంలా ఉంటుంది. ఆకుల అంచున ఎర్రటి వెంట్రుకలు, ఒక్కొక్క వెంట్రుక కొసన జిగురు చుక్క. దోమ వాలితే అంచు వెంట్రుకలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. డ్రోసెరా జాతులన్నిటిలో బాగా వేగంగా కదిలేవాటిలో ఇదొకటి. ఇండికా అలా కాదు, జానెడు పొడుగు లేస్తుంది, సన్నటి పొడుగాటి ఆకులు, గులాబీ రంగు పూలు. రెండూ ఏడాది మొక్కలే. వానకి మొలిచి, చలికాలంలో పూసి, గింజ రాల్చి, ఎండలకి పోతాయి. ఎండాకాలమంతా ఆ నేలలో మిగిలేది గింజ ఒక్కటే.

అవి నేను ఎక్కడ చూశానో ఇక్కడ రాయను. చోటు పేరు రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

ఫ్లైట్రాప్‌కి చలికాలం నిద్ర కావాలి. మూడు నాలుగు నెలలు బాగా చల్లబడితేనే మళ్ళీ ఏడు బలంగా వస్తుంది. తిరుపతిలో జనవరి రాత్రులు దానికి ఏమాత్రం చాలవు. బర్మానికి ఆ పేచీ లేదు. గింజ వేసిన రెండు మూడు వారాలకి మొలుస్తుంది, కొన్ని నెలలకే పూస్తుంది, ఎవరి సాయమూ లేకుండా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. కాబట్టి మన ఊళ్ళో ఎవరైనా ఫ్లైట్రాప్‌తో మొదలుపెడతానంటే నేను వద్దంటాను. ముందు బర్మాని చెయ్యండి. ఒక్క ఏడాదిలో గింజ నుంచి గింజ దాకా మొత్తం చుట్టు చూస్తారు. ఆ తర్వాత మీకే తెలుస్తుంది ఏ మొక్క మీ మేడ మీద బతుకుతుందో.

ఇక నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఈ మొక్కలు చచ్చిపోయేది నీళ్ళ వల్లే. ఈ మొక్కలు పుట్టిందే సారం లేని నేలల్లో. నత్రజని, భాస్వరం దొరక్కే అవి పురుగుల వైపు తిరిగాయి. వేళ్ళు చాలా సున్నితం, నీళ్ళలో ఉప్పు, సున్నం ఉంటే మాడిపోతాయి. నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు లీటరుకి 50 మిల్లీగ్రాముల లోపు ఉండాలని అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారు. మా వీధి బోరు నీళ్ళలో ఆ లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 700 దాటుతుంది. గీజరు విప్పితే లోపల తెల్లటి పెచ్చులు రాలతాయి. ఆ నీళ్ళు ఒక్క నెల పోస్తే కుండీ అంచుల్లో ఉప్పు పేరుతుంది, మొక్క పోతుంది. ఆర్వో నీళ్ళు వాడొచ్చుగా అంటారు. వాడొచ్చు, కానీ చాలా ఫిల్టర్లలో రుచి కోసం కొంత మామూలు నీరు కలిపే ఏర్పాటు ఉంటుంది. అందుకే మీటరు కొనండి, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఏ నీళ్ళైనా కొలవకుండా పోయకండి. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా చాలాసార్లు బాగానే ఉంటాయి, కాయిల్ శుభ్రంగా ఉంటే.

అన్నిటికంటే మంచివి వాన నీళ్ళు. మనకి దేవుడిచ్చిన అదృష్టం ఏమిటంటే మనకి రెండు సార్లు వాన. జూన్ నుంచి కొంచెం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో గట్టిగా. 2021 నవంబర్‌లో ఊరు మునిగినంత వాన మనం మర్చిపోలేం. మొదటి వానకి మేడ మీది దుమ్ము కొట్టుకుపోనిచ్చి, రెండో వాన నుంచి డ్రమ్ముల్లో పట్టుకుంటాను. పైన సన్నటి గుడ్డ గట్టిగా కట్టాలి, లేకపోతే దోమలు పెరిగి డెంగీకి మనమే కారణమవుతాం. ఒక మంచి ఈశాన్య వాన కాలంలో పట్టిన నీళ్ళు చిన్న ట్రేలకి ఏప్రిల్ దాకా వస్తాయి.

మా పిన్ని మొదట్లో ఈ యవ్వారమంతా చూసి కోప్పడింది. "ఒరే, తులసి కోట పక్కన పురుగుల్ని తినే చెట్టేందిరా? దానికి మంచినీళ్ళు ఒద్దంట, పేడ ఒద్దంట, ఎరువు ఒద్దంట!" అనేది. నిజంగానే వద్దు పిన్నీ అని చెప్తే నమ్మేది కాదు. అందరిదీ అదే ఆలోచన. మొక్క చిక్కిపోతోందంటే గుప్పెడు పశువుల ఎరువు వెయ్యాలని మన చేతికి అలవాటు. ఈ మొక్కలకి ఆ గుప్పెడే విషం. నేల నుంచి కాదు, ఆకు నుంచి తింటాయి. ఇప్పుడు వాన మొదలవగానే మేడ మీదికి బిందెలు తెచ్చి పెట్టేది పిన్నే.

మట్టి కోసం నేను స్ఫాగ్నం పీట్‌మాస్, కడిగిన ఇసుక సగం సగం కలుపుతాను. పీట్ దిగుమతి సరుకు, పాత బురద నేలల నుంచి తవ్వి తీసేది, అందుకే పొదుపుగా వాడతాను. గింజలకి కావలసింది మూడు నాలుగు అంగుళాల లోతే. కోకోపీట్‌తో కూడా బర్మాని వస్తుంది, కానీ దాంట్లో కొబ్బరి పీచు ఉప్పు ఉంటుంది. వాన నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగి, కారిన నీళ్ళని మీటరుతో కొలిచి, అంకె బాగా దిగేదాకా ఆగాలి. ఇసుకలో సున్నం ఉందో లేదో చూడ్డానికి రెండు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తే ఆ ఇసుక వద్దు.

గింజలు నల్లటి పొడిలా ఉంటాయి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి, ఫ్యాను ఆపి, మడిచిన తెల్ల కాగితంలోంచి వేలితో తడుతూ తడి మట్టి మీద చల్లాలి. పైన మట్టి కప్పకూడదు, వాటికి వెలుతురు కావాలి. పైనుంచి నీళ్ళు పోయకూడదు, గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. కుండీని ట్రేలో పెట్టి ట్రేలో రెండు సెంటీమీటర్లు నీళ్ళు నిలబెట్టాలి. పైన పారదర్శకమైన మూత, దానికి చిన్న రంధ్రాలు. బూజు కనిపిస్తే మూత తీసి గాలి తగలనివ్వాలి. మొలిచాక మూత ఒక్కసారిగా తియ్యకుండా రోజూ కొంచెం కొంచెం జరుపుతూ పోవాలి. అంతే. కష్టమైన పని ఏమీ లేదు, ఎదురుచూడ్డం తప్ప.

నన్ను ఈ మొక్కలకి కట్టేసింది మాత్రం మొదటి నిజమైన ఆకు. రెండు బీజదళాల మధ్య నుంచి మూడో ఆకు వస్తుంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. భూతద్దం పెట్టి చూస్తే దానికీ వెంట్రుకలున్నాయి, వాటి కొసల్లో జిగురు చుక్కలున్నాయి. పుట్టీ పుట్టగానే వేటకి సిద్ధం. ఫ్లైట్రాప్ మొలకకి కూడా అంతే, మొదటి ఆకులకే బుల్లి నోళ్ళు. కూజా మొక్కల మొలకలకీ మొదటి ఆకులే కూజాలు. కప్పులో కొన్నవాళ్ళు ఇది ఎప్పటికీ చూడరు. మట్టిలో తిరిగే, కంటికి ఆనని పురుగులు ఆ మొలకలకి ఆహారం. అవి లేకపోతే చేపల మేతని మెత్తగా నూరి, తడిపిన అగ్గిపుల్ల కొసతో ఒక్క రవ్వ పెడతాను. ఎక్కువ పెడితే ఆకు కుళ్ళుతుంది.

తిండి పెట్టడం వల్ల ఏం లాభమని కొందరు అడుగుతారు. దీనికి నూట నలభై ఏళ్ళకి ముందే జవాబు దొరికింది. చార్లెస్ డార్విన్ ఈ మొక్కల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. అప్పట్లో చాలామంది ఇవి పురుగుల్ని పట్టినా దానివల్ల మొక్కకి ఒరిగేదేమీ లేదన్నారు. ఆయన కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ డ్రోసెరా మొక్కల్ని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మాంసం ముక్కలు పెట్టి, ఇంకో భాగానికి పెట్టకుండా చూసి, 1878లో ఫలితం ప్రకటించాడు. తిండి దొరికిన మొక్కలు బాగా పెరిగాయి. అన్నిటికంటే పెద్ద తేడా కనిపించింది గింజల్లో. తిన్నవి రెండు రెట్లకి పైగా గింజలు కట్టాయి. ఆ మొక్క వేట అంతా గింజ కోసమే అన్నమాట. మనం దాని వేట చూసి చప్పట్లు కొట్టి, గింజ దగ్గరికి వచ్చేసరికి వదిలేస్తే సగం మొక్కనే చూసినట్టు.

ఈ మాట ఫ్లైట్రాప్‌కి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. దాని నోట్లో చిన్న వెంట్రుకలుంటాయి. ఒకసారి తాకితే మూసుకోదు. ఇరవై సెకన్ల లోపు రెండోసారి తగిలితేనే మూసుకుంటుంది. లోపల పురుగు ఇంకా కొట్టుకుంటూ ఉంటేనే అరిగించే రసాలు వదలడం మొదలుపెడుతుంది. అంత లెక్కగా బతికే మొక్క అది, ఎందుకంటే ఒక్కో నోరు కొన్నిసార్లే మూసుకోగలదు, తర్వాత ఎండిపోతుంది. పిల్లలు వేలు పెట్టి ఆడుకున్న ప్రతిసారీ దానికి దండగే. పిల్లలకి ఇది చెప్తే వింటారు, నేను చూశాను. పెద్దవాళ్ళే వినరు.

ఫ్లైట్రాప్ పెంచేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, పూకాడ రాగానే తుంచేయమని. పూస్తే మొక్క నీరసపడుతుంది, నోళ్ళు చిన్నవవుతాయి అంటారు. లేత మొక్క అయితే, జబ్బుపడి లేచిన మొక్క అయితే నేనూ ఒప్పుకుంటాను. కానీ బలంగా ఉన్న మొక్క పూకాడని ఏటేటా తుంచడం నాకు నచ్చదు. మనకి పెద్ద నోళ్ళు కావాలని దాని చేత పూత మాన్పించడం ఏం న్యాయం? రెండు మొక్కలు ఒకే సమయంలో పూస్తే సన్నటి కుంచెతో ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్దితే చాలు, నల్లగా మెరిసే గింజలు కడతాయి. 2018లో నార్త్ కరోలినా పరిశోధకులు ప్రచురించిన ఒక విషయం చదివి నేను చాలా సంతోషపడ్డాను. ఫ్లైట్రాప్ పూలకి పుప్పొడి మోసే ముఖ్యమైన తేనెటీగలు, పెంకు పురుగులు దాని నోళ్ళలో దాదాపు చిక్కడం లేదట. పూలు ఎత్తున కాడ మీద, నోళ్ళు కింద నేల మీద. తనకి సాయం చేసేవాళ్ళని తినకుండా ఉండే ఏర్పాటు.

గింజ నుంచి ఫ్లైట్రాప్ పెద్దదవడానికి మూడు నుంచి ఐదేళ్ళు. సరాసీనియా అనే నిలువు కూజా మొక్కకీ దాదాపు అంతే, పైగా దాని గింజలకి తడిలో నాలుగు నుంచి ఆరు వారాల చలి కావాలి. మన దగ్గర ఆ చలి ఫ్రిజ్‌లోనే దొరుకుతుంది, కూరగాయల అరలో జిప్ కవర్లో తడి పీట్‌తో కలిపి పెట్టాలి. నెపెంథిస్ గింజలు వెంట్రుకల్లా ఉంటాయి, కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు దాటితే మొలిచే శక్తి పోతుంది. తాజా గింజ దొరక్కపోతే వాటి జోలికి వెళ్ళకండి.

ఆన్‌లైన్లో గింజలు కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. నీలం రంగు ఫ్లైట్రాప్, ఏడు రంగుల కూజా మొక్క అని ఫోటో పెట్టి ప్యాకెట్టు అమ్ముతుంటే అది పచ్చి మోసం. అలాంటివి లేవు. ఇంకొకటి, విదేశాల నుంచి గింజలు తెప్పించాలంటే దిగుమతి పర్మిట్, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. గ్రీటింగ్ కార్డు కవర్లో పెట్టి పంపిస్తామనేవాళ్ళని నమ్మకండి. ఆ గింజతో పాటు మనకి లేని ఏ తెగులు వస్తుందో ఎవరికి తెలుసు. మన దేశంలోనే, బెంగళూరులో, కేరళలో శ్రద్ధగా పెంచి గింజలు పంచేవాళ్ళున్నారు. నా మొదటి బర్మాని గింజలు అలా ఒక బెంగళూరు స్నేహితుడు ఇచ్చినవే.

మన కొండల్లోనే ఉన్నప్పుడు బెంగళూరు నుంచి ఎందుకు, ఒక కాయ తుంచుకొస్తే పోలా అని నన్ను అడిగారు. నా వాదన మీద వచ్చిన ప్రశ్నల్లో నిజంగా ఆలోచించాల్సింది ఇదే. మొదటి జవాబు చట్టం. శేషాచలంలో కొంత భాగం శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 1989 నుంచి. 2010లో ఆ కొండలు మొత్తం బయోస్ఫియర్ రిజర్వ్ అయ్యాయి. జాతీయ ఉద్యానవనంలోంచి గడ్డి పరక కూడా అనుమతి లేకుండా తేకూడదు. రెండో జవాబు నాకు ఇంకా ముఖ్యం. ఏడాది మొక్కకి గింజ తప్ప వేరే ఆస్తి లేదు. దుంప ఉండదు, వేరు మిగలదు. ఒక ఊట నేల మీద ఆ ఏడు కట్టిన గింజలే మళ్ళీ ఏటి మొక్కలు. పదిమంది పది కాయలు తెస్తే ఒక చిన్న బండ మీది కుటుంబం మొత్తం పోవచ్చు. కాబట్టి పెంచేవాళ్ళ దగ్గర నుంచే తీసుకోవాలి.

అలాగే మన దగ్గర మిగిలిన గింజల్ని అడవిలో చల్లి వస్తే పుణ్యమని కూడా అనుకోకండి. నా గింజలు ఎక్కడి వంశమో ఎవరికీ తెలియదు, వాటిని ఇక్కడి వంశంలో కలిపే హక్కు నాకు లేదు. ఐర్లాండులో అమెరికా కూజా మొక్క సరాసీనియా పర్పురియాని నూరేళ్ళ కింద ఇష్టంగా తెచ్చి బురద నేలల్లో నాటారు. ఇప్పుడది అక్కడి మొక్కల్ని తోసేసి పాకుతుంటే పీకలేక తంటాలు పడుతున్నారు. మేడ మీది మొక్క మేడ మీదే ఉండాలి. నా దగ్గర ప్రతి కుండీకి ఒక చీటీ ఉంటుంది, జాతి పేరు, గింజ ఎవరిచ్చారు, ఎప్పుడు చల్లాను. ఆ చీటీ పోతే ఆ కుండీ గింజలు ఎవరికీ ఇవ్వను.

నాకు ఒక కోరిక ఉంది. ఉద్యానవనం హద్దులకి బయట, ఊళ్ళ అంచుల్లో ఉన్న ఊట నేలలు, చెరువు తడి గట్లు ప్లాట్లుగా మారుతున్నాయి. నాలుగు లారీల మట్టి తోలితే అక్కడున్న డ్రోసెరా కథ అయిపోయినట్టే, ఎవరికీ తెలియను కూడా తెలియదు. చదును చేసే ముందైనా ఆ గింజల్ని పద్ధతిగా సేకరించి, ఎక్కడివో రాసిపెట్టి, చల్లటి చోట దాచాలి. అది నా లాంటివాళ్ళు దొంగచాటుగా చేసే పని కాదు, అటవీ శాఖ అనుమతితో విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్రం చదువుతున్న పిల్లలు చెయ్యాల్సిన పని. హెర్బేరియంలో ఎండబెట్టి అతికించిన మొక్కలు జాతి పేరు చెప్పడానికి పనికొస్తాయి. వాటితో పాటు మొలిచే గింజ కూడా ఒక చిన్న సీసాలో ఉంటే ఎంత బాగుంటుంది! డ్రోసెరా గింజలు పొడిగా, ఫ్రిజ్‌లో ఉంచితే ఏళ్ళ తరబడి మొలిచే శక్తితో ఉంటాయి. పెద్ద ఖర్చు కూడా కాదు.

నా వరకు నేను, నా మేడ మీది బర్మాని గింజలు అడిగినవాళ్ళకి ఇస్తాను, ఒక షరతు మీద. మీ మొక్క కట్టిన గింజల్లోంచి ఇంకో ఇద్దరికి ఇవ్వాలి, చీటీతో సహా. అందరూ ఇవ్వలేదు, కొందరు ఇచ్చారు. చంద్రగిరిలో ఒక టీచరమ్మ నా కంటే బాగా పెంచింది, బడిలో పిల్లలకి భూతద్దం ఇచ్చి మూడో ఆకు చూపించింది. ఒక వానాకాలంలో ఆగకుండా కురిసి మా మేడ మీది ట్రేలన్నీ పొంగి, గింజ మీదున్న మొక్కలు కొట్టుకుపోయాయి. ఆమెకి ఫోన్ చేస్తే, "మీ గింజలే గదా సార్, మా దగ్గర బోలెడున్నాయి" అని పొట్లం పంపింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నవన్నీ ఆ పొట్లంలోవే. అక్టోబర్లో వాన నిలకడగా మొదలయ్యాక మళ్ళీ చల్లుతాను. మీకూ కావాలంటే అప్పటికి ఒక డ్రమ్ము వాన నీళ్ళు పట్టి, గుడ్డ కట్టి పెట్టుకోండి.